మొదటి వాసన చూసి పాత సెంటును పారేయకండి

పాత సెంట్ల గురించి మీరు వేసిన వ్యాసం ఇష్టంగా చదివాను. కానీ పాత సెంటు సీసా తెరవగానే ఘాటైన వాసన వస్తే అది పాడైపోయినట్టేనన్న మాట దగ్గర ఆగిపోయాను. అది సగమే నిజమండీ. ముందుగా చెడేవి పైపై వాసనలు, ముఖ్యంగా బెర్గమాట్ (నిమ్మజాతి పండు), నిమ్మ లాంటివి. అడుగునున్న అసలు పరిమళం చాలాసార్లు నిలిచే ఉంటుంది.

నాకీ సంగతి నేర్పింది మిత్సుకో. 1919లో ఫ్రెంచి పరిమళాల తయారీదారు జాక్ గెర్లెన్ చేసిన పెర్ఫ్యూమ్ అది. పాత సీసాలోంచి మణికట్టు మీద ఒక్క చుక్క వేసుకుంటే మొదట వార్నిష్ వాసన కొట్టింది. ముఖం తిప్పుకున్నాను. గంట తర్వాత బాగా పండిన పీచ్ పండు, దాని వెనకే వాన వెలిసిన అడవిలోని చెమ్మ! ఆ రాత్రంతా చెయ్యి ముక్కు దగ్గరే పెట్టుకున్నాను. ఆ అడవి వాసన ఓక్ చెట్ల బెరడు మీద పెరిగే నాచులాంటి ఓక్‌మాస్‌ది. కొందరి చర్మానికి అలర్జీ తెస్తుందని ఇప్పుడు దాని వాడకంపై గట్టి పరిమితులున్నాయి. ఆ జాగ్రత్త సరైనదే. కానీ అదే పేరుతో ఈరోజు కొన్న సీసాలో పాత లోతు వెతికితే నిరాశే, కనీసం నా ముక్కుకు.

ఇంకొకటి. ఫ్రాన్స్ దేశపు వెర్సాయ్‌లోని పరిమళాల భాండాగారం ఓస్మోతెక్‌లో పాత పరిమళాలను ఆర్గాన్ వాయువు నింపి, 12 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో దాస్తారు. మనకు అంత ఏర్పాటు అక్కర్లేదు. వెలుతురు, వేడి తగలకుండా బీరువాలో పెట్టండి. అద్దం ముందు అందంగా పేర్చవద్దు, బాత్‌రూమ్‌లో అసలే వద్దు.