గ్రూపులోంచి వెళ్ళిపోయిన సాలూరు, ఊరుకోని పలాస

మా హాస్టల్ గదిలో ముగ్గురం ఉంటాం. ఒకమ్మాయిది పలాస, డిగ్రీ రెండో సంవత్సరం, లెక్కలు. ఇంకో అమ్మాయిది సాలూరు, ఇక్కడే విజయనగరంలో మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. నాది బొబ్బిలి. హాస్టల్లో అందరం ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాను. మా అమ్మాయిలు పద్నాలుగు మందికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, రోజుకొకరు తమకి నచ్చిన పాట ఒకటి అందులో పెట్టాలి, దానికున్న నియమం అదొక్కటే. మొదలుపెట్టింది పలాస. పోయిన శుక్రవారం సాలూరు ఎవరికీ చెప్పకుండా అందులోంచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి భోజనాలయ్యాక మొదలైన వాదన పదకొండు దాటినా ఆగలేదు. నేను మధ్యలో పెద్దగా మాట్లాడలేదు గానీ ఇద్దరి మాటలూ ఇంకా చెవుల్లోనే ఉన్నాయి, గుర్తున్నంతవరకూ రాస్తున్నాను.

పలాస: ఏటే, చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయావు? పక్క మంచం మీదే పడుకుంటావు కదా, ఒక్క మాట నాతో అనొచ్చు కదా.

సాలూరు: అంటే ఉండిపొమ్మంటావని అనలేదు. నాకు ఆ పద్ధతి నచ్చట్లేదు. పాట రాగానే వరసగా గుండె గుర్తులు పడిపోతాయి, రెండో నిమిషంలోనే. నాలుగు నిమిషాల పాటకి రెండో నిమిషంలో గుండె గుర్తు ఎలా పెడతారు చెప్పు. మంగళవారం నా వంతు వచ్చినప్పుడు నేను పెట్టింది నువ్వు విన్నావా?

పలాస: ఏది, ఆ వయొలినా... తర్వాత విందామనుకున్నాను, ఆ రోజు ఇంటర్నల్ పరీక్ష టెన్షన్లో ఉన్నాను.

సాలూరు: మూడు నిమిషాలే అది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డు. ఆ రోజుల్లో 78 ఆర్‌పీఎం ప్లేటుకి ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది, కచేరీలో అరగంట వాయించే మనిషి ఆ కాస్త చోటులోనే రాగం మొత్తం కళ్ళకి కట్టాలి, ఎక్కడా తొందరపడినట్టు ఉండకూడదు. ఆయన 1919లో విద్యార్థిగా చేరదామని మా కాలేజీకి వచ్చారు, వాయించింది విని ఏకంగా ఆచార్యుడిగానే తీసుకున్నారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. గాయని పి. సుశీల గారు చదువుకున్నది కూడా అక్కడే. మీరంతా రోజూ ఆ గేటు ముందునుంచే కాలేజీకి వెళ్తారు. నేను బుధవారం ఒక్కొక్కరినీ విడిగా అడిగాను, పదమూడు మందిలో ఒక్కరు కూడా తెరవలేదు. నాకు ఏడుపొచ్చింది.

పలాస: (ఫోన్ తీసి ఆ మెసేజ్ చూపిస్తూ) మరి నువ్వు పెట్టిన తీరు కూడా చూడు. ఒట్టి లింకు. కింద ఒక్క ముక్క లేదు. ఇప్పుడు నాతో చెప్పావు చూడు, ప్లేటుకి మూడు నిమిషాలు, చేరడానికొచ్చి మేష్టారైపోవడం, ఇదంతా అక్కడ రాసుంటే కనీసం అయిదుగురం వినేవాళ్ళం. విస్తరి వేసి వడ్డించడం మర్చిపోయి, ఎవరూ తినలేదని ఏడుస్తున్నావు.

సాలూరు: పాట గొప్పదైతే దానికి పరిచయం ఎందుకు?

పలాస: నీకు అక్కర్లేదు. పదేళ్ళ వయసునుంచి వింటున్నావు. మా ఇంట్లో ఉదయం లేస్తే జీడిగింజలు కొట్టే చప్పుడు, సాయంత్రం టీవీలో సీరియల్ పాట, నేను పెరిగిన సంగీతం అంతే. నాకు ఏ రాగం ఎక్కడ మొదలౌతుందో ఎక్కడ ఆగుతుందో తెలీదు. అలాంటిదాన్ని నేను మాండలిన్ శ్రీనివాస్ గారి దగ్గరికి ఎలా చేరానో తెలుసా? ఈ గ్రూపు వల్లే. నర్సీపట్నం అమ్మాయి ఒక క్లిప్పు పెట్టి, "రెండో నిమిషం దాటాక ఇది మాండలిన్ అని మర్చిపోతాం" అని రాసింది. ఏంటో అది చూద్దామని రెండో నిమిషం దాకా ఆగాను. ఆ తర్వాత వారం రోజులు ఇంకేమీ వినలేదు నేను. పాలకొల్లులో పుట్టాడట, తొమ్మిదేళ్ళప్పుడు 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేశాడట, అలా ఒకటొకటి వెతుక్కుంటూ పోతే చివర్లో తెలిసింది 2014లో చనిపోయారని, నలభై అయిదేళ్ళకే. నాకు పరిచయమై వారమే అయింది, ఆయన పోయి ఎన్నేళ్ళో అయిపోయింది. సొంత మనిషి పోయినట్టే అనిపించింది నాకు.

(ఇది నాకు తెలుసు. ఆ రోజు పలాస భోజనానికి రాలేదు, కడుపునొప్పేమో అనుకున్నాను.)

సాలూరు: శ్రీనివాస్ గారి పేరు నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడేవారు, ఈ కుర్రాడు ఆ పాడినదాన్ని తీగల మీదికి తెచ్చుకునేవాడు. ఒక్కో కీర్తనా అలా. ఎంత సేపు కూర్చుంటే అది వస్తుంది? ఒక కృతి మా మేడమ్ దగ్గర పూర్తవడానికి నాకు నెల పడుతుంది, అయినా చరణంలో ఒక సంగతి, అంటే అదే వరసని కొంచెం మార్చి పలికించేది, సరిగ్గా పలకదు. అలాంటిది మీరు రోజుకొకటి, నెలకి ముప్పై. పోయిన నెల గ్రూపులో వచ్చిన పాటలు చెప్పు చూద్దాం.

పలాస: (కాసేపు ఆలోచించి) నాలుగు గుర్తున్నాయి.

సాలూరు: చూశావా.

పలాస: ఏం చూశాను? నాలుగు తక్కువా? గ్రూపు లేకపోతే సున్నా. అందులో రెండు పాటలు పాడినవాళ్ళవి మిగతావన్నీ వెతుక్కుని విన్నాను. ముప్పై వింటేనే కదా నాకు కావలసిన నాలుగు ఏవో తెలిసేది. నీకు మేడమ్ ఉన్నారు, ఇది విను, ఇది తర్వాత విను అని చెప్పడానికి. మాకు ఒకరికొకరం తప్ప ఎవరున్నారు?

ఇక్కడ సాలూరు కాసేపు మాట్లాడలేదు. నేనైతే ఈ ఒక్క మాటలో పలాస వైపే. మా ఊరి పక్కనే గొల్లపల్లిలో పనస మాను తొలిచి వీణలు చేస్తారు, ప్రపంచమంతా వాటిని బొబ్బిలి వీణలంటుంది, నేను ఆ దారిలో వందసార్లు వెళ్ళుంటాను, అయినా ఒక వీణ కచేరీ మొదటినుంచి చివరిదాకా విన్నది ఇంటర్ అయ్యాకే, అది కూడా ఒక స్నేహితురాలు పక్కన కూర్చోబెట్టుకుని వినిపిస్తేనే. ఊరు దగ్గరగా ఉన్నంత మాత్రాన పాట దగ్గరవదు.

సాలూరు: సరే, గ్రూపు ఎందుకు మరి? ఫోనే చూపిస్తుంది కదా, నువ్వు ఇది విన్నావు కాబట్టి అది విను అని.

పలాస: అది చూపించేది ఏంటి? నాలాగే విన్న లక్షమంది ఇంకేం విన్నారో అది. లక్షమంది విననిది దానికి కనపడదు. మా అమ్మమ్మగారి ఊరు టెక్కలి అవతల, అక్కడ జాతరకి తప్పెటగుళ్ళు ఆడతారు. గుండెలకి రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, పాడుతూ వాయిస్తూ ఎగురుతూ... ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు, అప్పుడు కూడా దెబ్బ తప్పదు. నా ఫోను ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అది నాకు చూపించిందా? నేనే సంక్రాంతి సెలవుల్లో రెండు నిమిషాలు రికార్డు చేసి గ్రూపులో పెట్టాను. పార్వతీపురం అమ్మాయి వెంటనే, మా వైపు ఈ అడుగు ఇలా వెయ్యరు, ఇంకోలా వేస్తారు అని రాసింది. అరగంటసేపు దాని మీదే మాట్లాడుకున్నాం. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ గురించి నాకు తెలిసింది కూడా ఆ మాటల్లోనే.

సాలూరు: అది నేనూ విన్నాను. చాలా బాగుంది. ముందు నిలబడి పాడుతున్న ఆయన గొంతు మరీ. ఆయన పేరేంటి?

పలాస: ...ఎవరిది?

సాలూరు: పాడినాయనది. నువ్వు కింద "మా ఊరి జానపదం" అని రాశావు. జానపదం అంటే దానంతటదే పాడుకోదు కదే. ఒక మనిషి పాడాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎన్నేళ్ళుగా ఆడుతున్నాడు, ఆ జట్టులో ఎంతమంది, ఆయన్ని అడిగావా ఫోన్లో పెడతానని?

పలాస: అడగలేదు.

సాలూరు: నాకు కోపం అందుకే వస్తుంది. వంగపండు ప్రసాదరావు గారు మన పార్వతీపురం పక్క పెదబొండపల్లి మనిషి, 2020లోనే కదా పోయారు, ఇంకా మొన్నటి సంగతి. అప్పుడే ఆయన పాటల్ని ఎవరో ఎప్పుడో కట్టిన పాటలనుకుని పాడేవాళ్ళున్నారు మా ఊళ్ళో. పాట చేతులు మారుతుంటే మొదట జారిపోయేది పేరే. సాలూరు చినగురువుగారు పట్రాయని సీతారామశాస్త్రి గారి పేరు మా ఇంట్లో అన్నం ముందు చెప్పుకున్నంత భక్తిగా చెబుతారు, ఎందుకంటే చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఈ విజయనగరం వచ్చిన కుర్రాడిని ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పారు. ఆ కుర్రాడు ఘంటసాల. జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి మధుకరం చేసుకుని తిని చదువుకున్నాడు ఈ వీధుల్లోనే. ఘంటసాల గారు తన గురువు పేరు చెప్పుకోబట్టే కదా మనకి ఈయన తెలిసింది.

పలాస: అదే కదా నేను చెప్పేది కూడా! ఆ గురువుగారు, ఈ అబ్బాయికి అర్హత ఉందో లేదో, నిలబెట్టుకుంటాడో లేదో అని చూస్తూ కూర్చోలేదు. తన దగ్గరున్నది ఇచ్చేశారు. నువ్వేమో పదమూడు మంది వినలేదని తలుపేసుకున్నావు.

సాలూరు: ఆయన ఇచ్చింది లింకు కాదు, తన పొద్దు.

పలాస: ఒప్పుకుంటాను. నేను ఆ తాతని అడగకపోవడం తప్పే. దానికి వేరే మాట లేదు. కానీ నేను తీసి పెట్టకపోయి ఉంటే నువ్వు ఆయన పేరు అడిగేదానివే కాదు, ఎందుకంటే ఆయన ఉన్నాడనే నీకు తెలిసేది కాదు.

ఇద్దరూ అప్పటికి గొంతులు పెంచేశారు. వార్డెన్ ఆంటీ ఒకసారి తలుపు కొట్టి వెళ్ళారు. నేను గ్లాసులో నీళ్ళిచ్చాను, ఇద్దరూ ఒకే గ్లాసులో తాగారు.

సాలూరు: ఇంకో సంగతి. ఇప్పుడు కొత్తగా పాడుతున్నవాళ్ళు, సినిమా వెనకాల లేనివాళ్ళు, సొంతంగా పాటలు పెట్టుకుంటున్నారు కదా. స్పాటిఫైలో ముప్పై సెకన్లు దాటి వింటేనే ఒకసారి విన్నట్టు లెక్క. మీ గుండె గుర్తు మీ గ్రూపులోనే ఉండిపోతుంది, పాడినవాళ్ళకి అందులో ఏమీ చేరదు. నిజంగా ఇష్టమైతే వినండి, మళ్ళీ వినండి.

పలాస: అది గ్రూపులో ఎందుకు రాయలేదు నువ్వు? ఈ సంగతి మాలో ఎవరికీ తెలీదు. నీకు తెలిసినవన్నీ కడుపులో పెట్టుకుని మాకు ఏమీ తెలీదని కోప్పడతావు.

సాలూరు: చెబితే గొప్పలు పోతోంది అనుకుంటారని. కాలేజీలో చేరిన కొత్తలో ఒకసారి మా పాత స్నేహితురాళ్ళకి రాగం గురించి ఏదో చెప్పబోతే, మొదలెట్టేసింది క్లాసు అని నవ్వారు. అప్పటినుంచి పాట ఒక్కటే పెడతాను. మాట పెట్టను.

ఇది మాకు తెలీదు. రెండేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నాం, ఆమె సాధన చేస్తుంటే నిద్రపోయాం, లేచాం, కానీ ఇది ఎప్పుడూ చెప్పలేదు. నిజానికి నచ్చిన పాట ఎదుటివాళ్ళ ముందు పెట్టడానికి ధైర్యం కావాలి, పాట బాలేదంటే పాటని అన్నట్టు ఉండదు, మనల్నే అన్నట్టు ఉంటుంది.

పలాస: నేను నవ్వను.

సాలూరు: నువ్వు నవ్వవు. మిగతా పన్నెండు మంది?

పలాస: నవ్వితే నవ్వనీ. ఒక్కళ్ళు వింటే చాలదా? నర్సీపట్నం అమ్మాయి నా ఒక్కదాని కోసం రాసిందా ఆ రెండో నిమిషం సంగతి?

సాలూరు సమాధానం చెప్పలేదు. పలాస ఫోన్ తీసి వాళ్ళ అమ్మమ్మకి చేసింది, పదకొండున్నరకి. అమ్మమ్మ హడలిపోయి, ఏటయిందమ్మా అంటే, ఏం లేదు, సంక్రాంతికి ముందు నిలబడి పాడిన తాత పేరేంటి అని అడిగింది. ఈయేళప్పుడా అని నాలుగు తిట్టి పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. ఆయన తమ్ముడు కూడా ఆ జట్టులోనే ఉన్నాడట, అంతకుముందు వాళ్ళ నాన్న ముందు నిలబడేవాడట. పలాస అదంతా నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకుంది. ఆయన్ని అడక్కుండా పేరు గ్రూపులో పెట్టనని, పండక్కి వెళ్ళినప్పుడు అడుగుతానని తనే అంది.

గ్రూపులో మళ్ళీ చేరతావా అని సాలూరుని అడగలేదు. మంగళవారంనాటి లింకు తెరిచి, ఫోన్ మా ఇద్దరి మధ్య దిండు మీద పెట్టి, సౌండు బాగా తగ్గించింది. పాత ప్లేటు గరగర ముందు, ఆ వెనక వయొలిన్. ఒక నిమిషం అయ్యాక పలాస చెయ్యెత్తి ఆపింది.

పలాస: ఇక్కడ ఏదో చేశారు. స్వరం ఒక చోట నిలబడలేదు, ఊగింది. తప్పు కాదు కదా అది?

సాలూరు: కాదు. అది కంపిత గమకం, స్వరాన్ని కావాలనే అలా ఊపుతారు. ఆగు, కొంచెం వెనక్కి పెడతాను, ఈసారి వేలు ఎక్కడుందో ఊహించుకుంటూ విను.