నూటపదహార్ల రిజర్వు బ్యాంకు

మన దేశానికి రిజర్వు బ్యాంకు ఒక్కటేనని చదువుకున్నవాళ్లు పొరబడుతుంటారు. రెండోది మా అత్తయ్య బీరువాలో పట్టుచీరల కింద ఉంది. అట్ట చిరిగి, మూలలకు పసుపు అంటిన రూళ్ల పుస్తకం. 1996లో మా బావ పెళ్లికి రాయించిన చదివింపుల పద్దు.

ఇంటికి శుభలేఖ వస్తే చాలు, అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ పుస్తకం తీస్తుంది. ముహూర్తం తర్వాత చూస్తుంది. ముందు పెళ్లివారి ఇంటిపేరు దొరకాలి. మొన్న అలాగే వెతికి, "నూటపదహార్లు" అని తేల్చింది. శుభలేఖ అడుగున 'మీ ఆశీస్సులే మాకు కానుకలు' అని ఉందని గుర్తుచేశాను.

"అందరూ అలాగే అచ్చేయిస్తార్లే," అంది.

ఇప్పుడు మనం ఎంత వేయాలి? ఆ ఏడాది తులం బంగారం ఐదు వేల పైచిలుకు, 2025లో లక్ష దాటింది. ఇరవై రెట్లు అనుకున్నా రెండు వేల మూడొందల ఇరవై అవుతుందని లెక్క కట్టి చూపించాను. అత్తయ్య నన్ను జాలిగా చూసింది.

"వాళ్లు ఆరుగురు వచ్చి భోంచేశారు. మనం వెళ్లేది ఇద్దరం."

ద్రవ్యోల్బణంలోంచి విస్తళ్లు తీసేయాలని నాకెవరూ చెప్పలేదు. వెయ్యిన్నూట పదహార్ల దగ్గర బేరం తెగింది. కవరుకు రూపాయి బిళ్ల అంటించే ఉంది కాబట్టి లోపల 1,115 పెట్టాం.

ఆ రూపాయిని తక్కువ చేయకండి. మిగతా నోట్ల మీద 'ఇంత చెల్లిస్తాను' అని రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం చేసి మాటివ్వాలి. రూపాయి నోటు మీద ఆ మాటే ఉండదు. ప్రభుత్వమే వేస్తుంది, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకంతో సరి. 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయి ఊరంతా టెన్షన్ పడుతుంటే అత్తయ్య పుస్తకంలో ఒక్క పద్దూ రద్దు కాలేదు. తర్వాత రెండు వేల నోటు వచ్చింది, 2023లో దాన్నీ వెనక్కి పిలిచారు. పద్దు మాత్రం అలాగే ఉంది.

పెళ్లిలో వధూవరులకు వచ్చిన కానుకలను ఆదాయపు పన్నువాళ్లు కూడా లెక్కలోకి తీసుకోరు. అది ఆదాయం కాదు, అప్పు అని తెలిసిన అత్తయ్య ఎవరో ఢిల్లీలోనూ ఉండే ఉంటుంది.

మండపంలో చదివింపుల బల్ల మీద క్యూఆర్ కోడ్ పెట్టారు. అత్తయ్య అటు చూడనైనా లేదు. కవరు చేతికిచ్చి, ఇంటిపేరు, ఊరు చెప్పి, "అక్షరాల్లో కూడా రాయి నాయనా," అని నిలబడింది. పెళ్లికూతురి తండ్రి ఎదురొచ్చి, "ఇవన్నీ ఎందుకు అక్కయ్యగారూ," అన్నాడు.

"డబ్బుదేముంది బాబూ, మనిషి రావడం ముఖ్యం," అంటూనే అత్తయ్య మెడ సాచి, కుర్రాడు రాసిన అంకెను మరోసారి చూసుకుంది.