సింగపూర్ చేస్తారు సరే, ఏ సింగపూర్?

ఎన్నికలొస్తే చాలు, మన ఊళ్లను సింగపూర్ చేసేస్తామని ఎవరో ఒకరు లేస్తారు. ఫ్లెక్సీ నిండా అద్దాల మేడలు. రేవు బొమ్మ మాత్రం ఒక్కరూ వెయ్యరు.

మన పాత జీహెచ్‌ఎంసీ కంటే కాస్త పెద్ద దీవి సింగపూర్. 2024లో అక్కడి రేవు దాటించింది 4.1 కోట్ల టీఈయూలు, అంటే 20 అడుగుల కంటైనర్ల లెక్కన. వాటిలో ఎక్కువ భాగం ఆ దేశంలోకి అడుగే పెట్టవు. ఒక ఓడ దిగి ఇంకో ఓడెక్కి పోతాయి. దీన్నే ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటారు.

"మలక్కా జలసంధి పక్కనుంది కాబట్టి" అని తేల్చేస్తారు. అదే మలక్కా దారిలో మలేసియా రేవులూ ఉన్నాయి. 2000లో ఓడల కంపెనీ మేర్స్క్ తన ట్రాన్స్‌షిప్‌మెంట్‌ను సింగపూర్ నుంచి పక్కనే ఉన్న మలేసియా రేవు తంజుంగ్ పెలెపాస్‌కు మార్చేసింది. చోటొక్కటే సరిపోతే ఎందుకు పోతుంది? సింగపూర్‌ను నిలబెట్టింది 1969 నుంచి ఉన్న ఫ్రీ ట్రేడ్ జోన్లు (సుంకం కట్టకుండానే సరుకు దించి మళ్లీ ఎక్కించే చోట్లు), 1989లో పర్మిట్లన్నీ ఒకే ఎలక్ట్రానిక్ కిటికీలోకి తెచ్చిన ట్రేడ్‌నెట్. మనవాళ్లు కాపీ కొట్టాల్సింది ఇదీ, కొట్టనిదీ ఇదే.

ఇక్కడి ఎగుమతిదారుల సంగతి. విశాఖలో ఫీడర్ (చిన్న ఓడ) ఎక్కిన మందుల కంటైనర్ సింగపూర్‌లో మదర్ వెసెల్‌కు, అంటే దూరం పోయే పెద్ద ఓడకు మారాలి. బుకింగ్ అప్పుడు అందరూ రేటు అడుగుతారు, ఫీడర్ చేరే రోజుకీ మదర్ వెసెల్ సరుకు తీసుకునే ఆఖరి గడువుకీ మధ్య ఎంత వ్యవధి ఉందో అడగరు. కనెక్షన్ తప్పితే వారానికో ఓడ ఉన్న సర్వీసులో ఏడు రోజులు పోయినట్టే. 2024లో ఎర్ర సముద్రం గొడవకి ఓడలు ఆఫ్రికా చుట్టి వచ్చి, షెడ్యూళ్లు చెదిరి, గుంపులుగా చేరాయి. బెర్తు కోసం రెండు మూడు రోజులు ఆగాల్సొచ్చింది. మూసేసిన కెప్పెల్ టెర్మినల్ బెర్తులను మళ్లీ తెరిచారు. అంత పకడ్బందీ రేవుకే ఆ గతి.

ఎల్‌సీలో (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) ట్రాన్స్‌షిప్‌మెంట్ కూడదని రాసుంటే ఎగుమతిదారులు బెంబేలెత్తిపోతారు. కంటైనర్ సరుకై, ప్రయాణమంతా ఒకే బీఎల్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మీదుంటే, ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600లోని ఆర్టికల్ 20 ప్రకారం బ్యాంకు ఆ సాకుతో పత్రాలను తిప్పి పంపడానికి వీల్లేదు, ఆ వెసులుబాటును ఎల్‌సీలోనే కొట్టేస్తే తప్ప.

దిగుమతి చేసేవాళ్లకు ఇంకో గొయ్యి. చైనా సరుకు సింగపూర్‌లో దిగి ఎక్కినంత మాత్రాన సింగపూర్ సరుకైపోదు. భారత్-సింగపూర్ వాణిజ్య ఒప్పందం సెకా కింద డ్యూటీ రాయితీ అడిగారా, సరుకు పుట్టుక నిరూపణపై మన కస్టమ్స్ తెచ్చిన 2020 కారోటార్ నియమాల ప్రకారం అది ఎక్కడ, ఎలా తయారైందో వివరాలు మీ దగ్గరే ఉండాలి. సప్లయర్ పంపిన సర్టిఫికెట్ ఒక్కటే చాలదు.

మన తెలంగాణకు సముద్రం లేదు, హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఐసీడీ (కస్టమ్స్ పని అక్కడే జరిగే కంటైనర్ డిపో) ఉంది. ఈసారి సింగపూర్ పేరెత్తిన నాయకుణ్ణి అడగండి: అక్కడ సీలు పడిన కంటైనర్ ఏ రోజు ఏ ఓడెక్కుతుందో అక్కడే చెప్పగలరా?