పెన్షన్ ఎక్కడికీ పోదు పెద్దమ్మా

పోయిన వారం విజయవాడ నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఒరే, మీ నాన్నను వెంటనే పంపించెయ్. ఆరు నెలలు దాటితే పెన్షన్ తీసేస్తారంట" అని ఒకటే గొడవ. నాన్న రైల్వేలో రిటైరయ్యారు. ఏటా ఎండలు తగ్గాక అమ్మతో కలిసి డాలస్‌లో మా ఇంటికి వచ్చి, కొన్ని నెలలుండి వెళ్తారు. ఆ ఫోన్ తర్వాత ఆయనకు నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి వచ్చి "టికెట్ ముందుకు జరుపుతారేమో కనుక్కో" అన్నారు.

పెద్దమ్మకు వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌ను క్లుప్తంగా చెబుతాను. ఆరు నెలలకు మించి విదేశంలో ఉంటే పెన్షన్ రద్దు. నవంబరులో మనిషి స్వయంగా బ్యాంకుకు వెళ్లకపోతే రద్దు. గ్రీన్ కార్డు తీసుకుంటే శాశ్వతంగా రద్దు. ఒకవేళ పెన్షన్ వచ్చినా అందులో 30 శాతం పన్నుకే పోతుంది, మిగిలింది విదేశానికి తెప్పించుకోవడం నేరం. చివర "ప్రతి పెన్షనర్‌కూ పంపండి" అని దండం బొమ్మ.

మొదటిది ఆరు నెలల మాట. ప్రభుత్వ ఉద్యోగం చేసి సంపాదించుకున్న సర్వీసు పెన్షన్‌కు ఇలాంటి గడువేమీ లేదు. ఈ పుకారు ఎక్కడ పుట్టిందన్న దానిపై నాకో అనుమానం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ వచ్చి ఇచ్చే సామాజిక భద్రతా పెన్షన్ ఉంది కదా, వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు. వరుసగా మూడు నెలలు దాన్ని తీసుకోకపోతే ఊళ్లో లేరని ఆపుతారు. అది ప్రభుత్వం ఇచ్చే ఆసరా, దాని నియమాలు వేరు. నాన్నది ముప్పై ఏళ్లకు పైగా చేసిన చాకిరీకి వచ్చేది. పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చే దానం కాదని, అది ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో స్పష్టంగా చెప్పింది. పెన్షనర్లు ఏటా ఆ తేదీన పెన్షనర్స్ డే జరుపుకునేది అందుకే. రెండింటినీ "పింఛను" అనే అంటాం కాబట్టి మెసేజ్ రాసినాయన కలిపేసి ఉంటాడు.

రెండోది లైఫ్ సర్టిఫికెట్. ఇందులో కొంత నిజముంది, అందుకే జనం నమ్ముతున్నారు. కేంద్ర పెన్షనర్లు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని రుజువు ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. కానీ దానికోసం విమానం ఎక్కి రానక్కర్లేదు. విదేశంలో ఉన్న పెన్షనర్ తరఫున అధీకృత ప్రతినిధి సర్టిఫికెట్ ఇస్తే మనిషి స్వయంగా కనబడాల్సిన పని లేదు. దానిమీద మేజిస్ట్రేటో, నోటరీయో, బ్యాంకు అధికారో, భారత రాయబార కార్యాలయ అధికారో సంతకం చేసి ఉంటే చాలు. ఇది ఎప్పటినుంచో ఉన్న నియమం. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్, అంటే ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్, వచ్చింది. 2021 నుంచి వేలిముద్రల యంత్రం కూడా లేకుండా, ఫోన్ కెమెరాలో ముఖం చూపించి ఇచ్చే వీలుంది. అమెరికా, కెనడాల నుంచి అలా ఇచ్చినవారున్నారు.

అసలు చిక్కు నియమంలో లేదు, ఓటీపీలో ఉంది. నిరుడు నాన్న ఇండియా సిమ్‌కు రీచార్జ్ అయిపోయిన సంగతి ఎవరమూ గమనించలేదు. ఓటీపీ రాలేదు. చివరికి ఇక్కడే నోటరీ దగ్గర సంతకం చేయించి, ఆ కాగితం ఇండియాకు పంపాం. అక్కడి బ్యాంకు శాఖలో మొదట "మనిషే రావాలండీ" అన్నారు. నియమం ప్రింటు తీసి చూపిస్తే మారు మాట్లాడకుండా తీసుకున్నారు. ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్లింది ఎవరో తెలుసా? పెద్దమ్మ కొడుకే.

ఒకవేళ నవంబరు దాటిపోయినా పెన్షన్ రద్దు కాదు, ఆగుతుంది. సర్టిఫికెట్ అందాక ఆగిన నెలలవి బకాయిలతో కలిపి వేస్తారు. ఈపీఎఫ్ పెన్షన్ వాళ్లకైతే నవంబరు గొడవే లేదు, ఎప్పుడిచ్చినా ఆ రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లు మాత్రం కేంద్రం తేదీలు చూసి ఊరుకోకుండా తమ ఖజానా శాఖ ఇచ్చిన గడువు కనుక్కోవాలి.

మూడోది గ్రీన్ కార్డు. అది అమెరికాలో స్థిరంగా ఉండటానికి అనుమతే తప్ప పౌరసత్వం కాదు. పాస్‌పోర్టు భారతదేశానిదే, పెన్షన్ కూడా ఉంటుంది. పౌరసత్వమే మార్చుకునే ఆలోచన ఉంటే అది వేరే సంగతి. ముందే పెన్షన్ మంజూరు చేసిన కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగడం మంచిది.

ఇక 30 శాతం. ఎన్నారైలకు నిజంగా ఆ రేటులో కోసేది ఎన్‌ఆర్‌వో ఖాతా (ఇండియాలో వచ్చే ఆదాయం కోసం ఎన్నారైలు ఉంచుకునే ఖాతా) వడ్డీ మీద. సెస్సుతో కలిపి 31.2 శాతం. పెన్షన్‌ను జీతంలాగే లెక్కేస్తారు, దానికి మామూలు శ్లాబులే. నెలకు 50,000 పెన్షన్ అనుకుందాం. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను పద్ధతిలో ఏడాదికి 6 లక్షల్లో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను 5.25 లక్షలు. 4 లక్షల దాకా పన్ను లేదు. మిగిలిన 1.25 లక్షల మీద 5 శాతం అంటే 6,250, సెస్సు 250. మొత్తం 6,500 రూపాయలు. మెసేజ్ లెక్కన 1,80,000! రెసిడెంటుకు, అంటే పన్ను లెక్కల్లో ఇండియాలోనే ఉంటున్నట్టు లెక్కేసేవారికి, రిబేటు వల్ల ఆ 6,500 కూడా ఉండదు, ఎన్నారైకి ఆ రిబేటు లేదు. వడ్డీ మీద కోత పడకుండా పెద్దవాళ్లు బ్యాంకుకు ఇచ్చే ఫారం కూడా ఎన్నారైలు ఇవ్వడానికి లేదు. కొన్ని నెలలుండి వెనక్కి వెళ్లే నాన్నలాంటివారు సాధారణంగా ఇండియా రెసిడెంట్లే కాబట్టి వాళ్లకు ఇవేవీ మారవు.

డబ్బు తెప్పించుకోవడం నేరమన్నది శుద్ధ అబద్ధం. స్థిరపడటానికి వచ్చినవారు తమ సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌వోగా మార్పించుకోవాలి. మార్చకుండా వదిలేయడమే తప్పు. పెన్షన్ ఆ ఎన్‌ఆర్‌వో ఖాతాలోనే పడుతుంది. ఆస్తులు అమ్మిన డబ్బులాంటివి ఎన్‌ఆర్‌వో నుంచి బయటికి పంపడానికి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల పరిమితి ఉంది. పెన్షన్, అద్దె, వడ్డీ వంటి ఏటి ఆదాయం ఆ పరిమితిలోకే రాదు. పన్ను కట్టినట్టు చూపించి, బ్యాంకు అడిగే ఫారాలు ఇస్తే చాలు.

నిజానికి టెన్షన్ పడాల్సిన విషయం ఒకటుంది, అది ఆ మెసేజ్‌లో లేనే లేదు. గ్రీన్ కార్డు తీసుకున్నాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అమెరికా రిటర్న్‌లో చూపాలి, ఇండియా పెన్షన్ కూడా. ఇండియాలో కట్టిన పన్నుకు అమెరికా పన్నులో క్రెడిట్ ఉంటుంది. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే ఎఫ్‌బార్ కూడా దాఖలు చేయాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా కలిపితే ఆ మొత్తం దాటడం ఎంతసేపు! అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు తెప్పించిన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తట్టదు.

ఇదంతా పెద్దమ్మకు ఫోన్‌లో చెబితే అరగంట పట్టింది. "అయితే నేను పంపినవాళ్లందరికీ మళ్లీ ఏం పంపను?" అంది. ఇది పంపమన్నాను. నాన్న టికెట్ మార్చలేదు. సిమ్‌కు మాత్రం ఈసారి ఆయనే గుర్తుపెట్టుకుని రీచార్జ్ చేయించారు.