టన్నెల్ తెగినా మెష్ నిలవాలి

డాబాల మీద పెట్టిన వైఫై రౌటర్లు టెలికాం కంపెనీ ప్రమేయం లేకుండా తమలో తాము సమాచారాన్ని అందించుకుంటూ పేటంతా కలిసిపోయే ఏర్పాటే మెష్ నెట్‌వర్క్. అయితే మధ్యలో ఓ గుట్టో ఎత్తైన భవనమో అడ్డొస్తే రేడియో సంకేతం అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు రెండు వైపులా ఉన్న మామూలు ఇంటర్నెట్ కనెక్షన్ల మీదుగా టన్నెల్ వేస్తారు. మెష్ ప్యాకెట్‌ను, అంటే సమాచారపు చిన్న ముక్కను, మరో ప్యాకెట్‌లో చుట్టి పంపితే, అవతలి రౌటర్ దాన్ని విప్పి, పక్క డాబా నుంచి వచ్చినట్టే తీసుకుంటుంది.

దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపినవారు జర్మనీలోని ఫ్రైఫుంక్ స్వచ్ఛంద బృందాలు. వారి ఇంటర్‌సిటీ వీపీఎన్‌లో (ఊళ్లను టన్నెళ్లతో కలిపే ప్రైవేటు నెట్‌వర్క్‌లో) ఒక్కో ఊరి బృందం ప్రైవేటు చిరునామాల్లో తన వాటా తీసుకుంది. ఊళ్ల మధ్య టింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో టన్నెళ్లు వేసి, వాటి మీద బీజీపీ అనే పద్ధతితో ఏ చిరునామాకు ఏ దారో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఊరి లోపల ఏ ప్రోటోకాల్ (రౌటర్లు మాట్లాడుకునే నియమావళి) నడుస్తోందన్నది పొరుగు ఊరికి అనవసరం. ఒకచోటి గందరగోళం మరోచోటికి సులువుగా పాకదు. టన్నెల్‌కు తగిన స్థానం ఇదేనని నా అభిప్రాయం.

కానీ అక్కడే టన్నెల్‌కు ఇంకో పని కూడా పడింది. పాస్‌వర్డ్ లేని వైఫైని ఇతరులు దుర్వినియోగం చేస్తే కనెక్షన్ యజమాని కూడా కోర్టుకు జవాబు చెప్పాల్సి వస్తుందని 2010లో జర్మనీ సమాఖ్య న్యాయస్థానం తేల్చడంతో, ఇంటి యజమాని చిరునామా బయటపడకుండా ఇంటర్నెట్ రాకపోకలన్నిటినీ టన్నెల్ గుండా దూరపు గేట్‌వేలకు (బయటి ఇంటర్నెట్‌లోకి దారి తెరిచే సర్వర్లకు), కొన్నాళ్లు విదేశాలకు కూడా, మళ్లించారు. 2017లో చట్టం మారి ఆ భయం చాలావరకు తగ్గింది గానీ, అలవాటు పోలేదు. రౌటర్‌ను కిటికీలో పెట్టి ఇంటి ఇంటర్నెట్‌కు తగిలిస్తే చాలు, నెట్‌వర్క్ పటం మీద మరో చుక్క చేరుతుంది. అలాంటి రెండు చుక్కలు ఒకే వీధిలో ఉన్నా, రేడియోలో అందుకోలేకపోతే వాటి మధ్య మాట ఎక్కడో ఉన్న డేటా సెంటర్ దాకా వెళ్లి రావాలి. పేరుకు మెష్, నడకకు వీపీఎన్.

సాంకేతికంగానూ దీనికి మూల్యం ఉంది. బ్యాట్‌మ్యాన్ అనే మెష్ ప్రోటోకాల్‌తో వేలాది పరికరాలను ఒకే పెద్ద లోకల్ నెట్‌వర్క్‌లా కలిపితే, అందరికీ వినిపించాల్సిన ప్రసార సందేశాలు టన్నెల్ గుండా వచ్చి రేడియో సామర్థ్యాన్ని తినేస్తాయి. అందుకే చాలా బృందాలు నెట్‌వర్క్‌ను ముక్కలుగా విడగొట్టుకున్నాయి. చవక రౌటర్ల ప్రాసెసర్ ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే పని) భారం మోయలేక వేగం పడిపోవడం, చుట్టిన ప్యాకెట్ పరిమాణం హద్దు మించి కొన్ని సైట్లు సగంలో ఆగిపోవడం షరా మామూలే.

అమెరికాలో హామ్ రేడియో ఔత్సాహికులు నడిపే ఏఆర్ఈడీఎన్ అనే నెట్‌వర్క్‌కూ టన్నెళ్ల మీద ఆధారపడే చిక్కు ఉంది. అది విపత్తు వేళ ఆదుకోవడానికి పుట్టిన మెష్. దూరపు ద్వీపాల్లాంటి బృందాలను టన్నెళ్లతో కలపడం వల్ల సాధన పెరిగింది, కొత్తవారు చేరారు. అయితే ఇంటర్నెట్ పోయిన రోజున ఆ టన్నెళ్లూ పోతాయి, మెష్ అవసరం పడేది సరిగ్గా ఆ రోజునే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కుదిపినప్పుడు కరెంటు, ఫోన్లు ఎలా మూగబోయాయో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. అందుకే సందేశాలు, పటాలు, ఫోన్ పిలుపుల సర్వర్లు ఊళ్లోనే ఉండాలి, రేడియో దారి ఉన్నచోట రౌటర్ దానికే మొగ్గు చూపేలా అమర్చాలి.

మన దేశంలో 2018లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఎక్కువ భాగానికి లైసెన్సు అవసరం తీసేశారు కాబట్టి రేడియో వైపు ఇబ్బంది తక్కువే. చిక్కు టన్నెల్ వైపు ఉంది. వీపీఎన్ సేవలు అందించేవారు వాడకందార్ల వివరాలను కనీసం ఐదేళ్లు దాచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. పక్క ఊరి డాబాతో కలిపే టన్నెల్ వేరు, చుట్టుపక్కలవారికి బయటి ఇంటర్నెట్‌కు దారి తెరిచే టన్నెల్ వేరు. రెండోదాన్ని నడిపే స్వచ్ఛంద బృందాన్ని వీపీఎన్ సంస్థగా చూస్తే, ఐదేళ్ల రికార్డుల భారం ఏ జీతమూ లేని కార్యకర్తల మీద పడుతుంది. కాబట్టి ఈ రెండింటినీ మొదటి రౌటర్ పెట్టేనాడే వేర్వేరుగా ఉంచుకోవాలి.