ఛాంపియన్ పాత్ర ప్రేక్షకుడి సొత్తు

2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో, అమెరికా టీవీ కుస్తీ డబ్ల్యూడబ్ల్యూఈ వీరుడు జాన్ సీనా తన చివరి కుస్తీ ఆడి, ప్రత్యర్థి గుంతర్ పట్టుకు లొంగి రిటైరయ్యాడు. ఆ ఓటమి మీద చాలా వాదన జరిగింది. నాకు మాత్రం అంతకన్నా పెద్ద తప్పు ఆ ఏడాది మొదట్లోనే జరిగిందనిపిస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా పిల్లల హీరోగా నిలిచిన మనిషికి ఐదు నెలల పాటు విలన్ వేషం కట్టారు. మార్చి 1న టొరంటోలో రాక్ అనే మరో పేరున్న రెజ్లర్ పక్కన చేరి, అప్పటి ఛాంపియన్ కోడీ రోడ్స్‌ను చావగొట్టాడు. ఏప్రిల్ 20న లాస్ వేగస్‌లో అదే కోడీ మీద గెలిచి పదిహేడోసారి ఛాంపియన్ అయ్యాడు. ఆగస్టు 1న, ఛాంపియన్ బెల్టు భుజాన ఉండగానే మళ్లీ మంచివాడిగా మారాడు. ఆగస్టు 3న ఆ బెల్టు కోడీ చేతికి పోయింది. మారిన ఛాంపియన్ నిలిచింది రెండు రోజులే.

ఛాంపియన్‌ను మంచి నుంచి చెడుకో, చెడు నుంచి మంచికో తిప్పడం ఈ రంగంలో చాలా అరుదు. అలా అరుదుగా ఉండటమే సరైనదని నా వాదన.

మక్తల్, నారాయణపేట వైపు జాతరల్లో కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగిసే పోటీలు చూసినవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. అక్కడ పహిల్వాను మంచివాడా, చెడ్డవాడా అని ఎవరూ అడగరు. ఎవరి వీపు మట్టికి తగిలిందన్నదే లెక్క. ఫలితం నిజం కాబట్టి పాత్రతో పని లేదు. టీవీ కుస్తీలో గెలుపోటములు ముందే రాసి ఉంటాయి. కుర్చీతో ఎప్పుడు కొట్టాలో, ఎవరు ఎప్పుడు పడాలో అన్నీ అనుకున్నవే. ఎవరూ ముందుగా రాసి పెట్టలేనిది ఒక్కటే, జనం పెట్టే కేక. ఒకడు రాగానే లేచి నిలబడటం, మరొకడు రాగానే ఛీకొట్టడం మాత్రం అచ్చమైన నిజం. కంపెనీ ఫలితాన్ని ఒక్క రాత్రిలో మార్చగలదు. ఏళ్ల తరబడి పోగైన ఆ ప్రేమను, ఆ ద్వేషాన్ని మార్చలేదు.

తొంభైలలో నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరా, పాలమూరు బజారులోనూ రెజ్లర్ల ట్రంప్ కార్డులతో ఆడిన తరం ఇప్పుడు నలభైకి చేరుతోంది. ఆ కార్డు మీద ర్యాంకు ఉండేది, ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు ఉండేవి. మంచివాడా, చెడ్డవాడా అని మాత్రం ఎక్కడా రాసి ఉండేది కాదు. కామెంటరీలో ఒక్క ముక్క అర్థం కాని పిల్లలకు కూడా ఎవరు ఎవరో తెలుసు. ఆ తీర్పు ప్రేక్షకుడే ఇచ్చుకుంటాడు, తన దగ్గరే పెట్టుకుంటాడు.

ఇక ఛాంపియన్ సంగతి. మామూలు రెజ్లర్ పాత్ర మారితే ఒక్క తగాదా మారుతుంది. ఛాంపియన్ పాత్ర మారితే బండి ఇరుసు తీసేసినట్టే. అతనితో తలపడటానికి నెలల తరబడి తయారుచేసిన విలన్లందరూ ఒక్కసారిగా పని లేనివారవుతారు. అతని మీద గెలవడానికి తగిన హీరో అప్పటికి సిద్ధంగా ఉండడు. ఈ లెక్క పాతవాళ్లకు బాగా తెలుసు. బ్రూనో సమ్మర్తీనో 1963 మే 17 నుంచి 1971 జనవరి 18 వరకు 2,803 రోజులు ఛాంపియన్‌గా ఉన్నాడు. ఒక్క రోజు కూడా చెడ్డవాడు కాలేదు. అతని ఎదుటికి కొత్త కొత్త విలన్లను తెచ్చారు తప్ప అతన్ని ముట్టుకోలేదు.

ఏళ్ల తరబడి హీరోగా ఉన్న హల్క్ హోగన్ మారలేదా అంటారు. మారాడు, ఈ రంగంలో అంతకు మించిన మలుపు లేదు. 1996 జూలై 7న డేటోనా బీచ్‌లో, కిందపడి ఉన్న మరో హీరో రాండీ శావేజ్ మీద కాలు పడేశాడు. జనం విసిరిన కప్పులతో, సీసాలతో రింగు నిండిపోయింది. ఆ రోజు అతని నడుముకు బెల్టు లేదన్న సంగతి చాలామంది మరిచిపోతారు. ముందు పాత్ర మారింది, జనం ఆ ద్వేషాన్ని గట్టిగా ఒప్పుకున్నారు, తరవాతి నెల బెల్టు వచ్చింది. 1997 మార్చిలో హీరో బ్రెట్ హార్ట్, విలన్ స్టీవ్ ఆస్టిన్ ఒకే పోటీలో పాత్రలు మార్చుకున్నప్పుడూ ఇద్దరిలో ఎవరి దగ్గరా బెల్టు లేదు. నెత్తురోడుతూ పట్టు విడిపించుకోలేక, అలాగని లొంగనూ లొంగక స్పృహ తప్పిన ఆస్టిన్‌ను జనం హీరోను చేశారు. రోమన్ రెయిన్స్‌ను ఏళ్ల తరబడి హీరోగా రుద్దితే జనం ఛీకొట్టారు. 2020 ఆగస్టులో విలన్‌గా తిరిగొచ్చాక మళ్లీ బెల్టు ఇచ్చారు. 1,316 రోజులు నిలిచాడు.

ఇప్పుడు తలకిందులైన కథ, బెల్టుతో పాటే పాత్ర మారిన కథ చూడండి. 2001 ఏప్రిల్ 1, హ్యూస్టన్. ఆస్టిన్ సొంత రాష్ట్రం టెక్సస్. ఏళ్లుగా తాను ఎదిరించిన యజమాని విన్స్ మెక్‌మాన్ సాయంతో రాక్‌ను కుర్చీతో బాది బెల్టు గెలిచాడు. ఇద్దరూ చేతులు కలిపి బీరు తాగారు. ఆ జనం అతన్ని ద్వేషించలేకపోయారు, చప్పట్లు కొట్టారు. ఉద్యోగి యజమానిని నిలదీయడమే ఆ పాత్రకు ప్రాణం. ఆ ప్రాణం తీసేశాక బెల్టు ఎంత మెరిస్తే ఏం లాభం? ఆ నిర్ణయం పొరపాటని తరవాత ఆస్టిన్ స్వయంగా చెప్పుకున్నాడు.

మన వాళ్లకు వేషం మారడం కొత్తా అని అడిగేవారున్నారు. 1977లో ఎన్టీఆర్ ఒకే సినిమాలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేశారు. పద్య నాటకంలో దుర్యోధనుడి పద్యానికి ఇప్పటికీ వన్స్ మోర్ పడుతుంది. నిజమే. అక్కడ నటుడు వేరు, పాత్ర వేరు అని అందరికీ తెలుసు, కిరీటం తీస్తే దుర్యోధనుడు లేడు. సీనాకు తీసి పక్కన పెట్టే కిరీటం లేదు. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి స్టేడియంలో దిగినవాడూ, జబ్బుపడిన పిల్లల కోరికలు 650కి పైగా తీర్చినవాడూ అదే సీనా.

నేను ఈ కుస్తీ గురించి ఇంత పట్టుదలగా రాయడానికి వేరే కారణం ఉంది. హోగన్‌కైనా, ఆస్టిన్‌కైనా పాత్ర మార్చుకునే ధైర్యం ప్రేక్షకుల మధ్యే చూపాల్సి వచ్చింది. ఛీకొడితే అక్కడే భరించాలి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల రాజకీయంలో ఆ పరీక్ష ఒక్కసారి స్పష్టంగా జరిగింది. 2022లో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి కాంగ్రెస్ వదిలి, ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి, బీజేపీ గుర్తుతో మునుగోడు ఓటర్ల ముందుకు వచ్చారు. ఓటర్లు పదివేల పైచిలుకు ఓట్ల తేడాతో కాదన్నారు. ఆయన 2023లో తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చి నిలబడితే అదే ఓటర్లు గెలిపించారు. ఆ నిర్ణయాలు ఆయనకు మేలు చేశాయా, కీడు చేశాయా అన్నది నాకు ముఖ్యం కాదు. రెండుసార్లూ అడిగింది జనాన్నే, చెప్పిందీ జనమే.

తరవాత జరిగింది చూడండి. 2023లో బీఆర్ఎస్ గుర్తుపై గెలిచిన పదిమంది ఎమ్మెల్యేలు అధికార పక్షంలోకి వెళ్లారన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. వారిలో గద్వాల సభ్యుడూ ఉన్నారు. మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పింది. మారారా, లేదా అన్నదే నెలల తరబడి వాదనగా సాగింది. 1985లో తెచ్చిన ఫిరాయింపుల చట్టం ఆ తీర్పును స్పీకర్ చేతిలో పెట్టింది. ఓటరుకు ఆ గదిలోకి ప్రవేశం లేదు, కేక పెట్టే వీలూ లేదు. పార్టీ మారదలచినవారు ముందు రాజీనామా చేయాలి. ఖాళీ అయిన స్థానానికి ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలన్న నియమం ఎలాగూ ఉంది. మునుగోడు ఓటరును అడిగినట్టే గద్వాల ఓటరునూ అడగాలి.