మొలతాడు కింద నల్లని పక్కు

పాడి ఉన్న ఇంట్లో మనిషికి పిడుదు పట్టడం కోనసీమలో పెద్ద విషయమేమీ కాదు. గేదె చెవి వెనక రక్తం తాగి ఆముదం గింజంత ఉబ్బిన పిడుదును పీకి పొయ్యిలో పడేసే చేతికే మరొకటి పాకుతుంది; దాని కాటు నొప్పి పుట్టదు కనుక ఎవరూ పట్టించుకోరు. వారం తర్వాత ఒంటి మీద మచ్చలు తేలేనాటికి ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. మచ్చ గుండ్రంగా ఉంటే తామర అనుకుని మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు కొంటారు, దురద ఉంటే అలర్జీ ఇంజెక్షన్ వేయించుకుంటారు, జ్వరం తోడైతే వైడల్ పరీక్ష చేయించి 'టైఫాయిడ్ కలిసింది' అనిపించుకుంటారు.

గౌతమి పాయ మధ్య లంకలో ఉండే మా బంధువు ఒకాయనకు, వరద తీశాక గట్ల మీద గడ్డి కోసిన పది రోజులకు జ్వరం పట్టుకుంది. ప్లేట్‌లెట్లు తగ్గడంతో ఒక ఆసుపత్రిలో డెంగ్యూ అన్నారు. మరో చోట ఒక యువ వైద్యురాలు పంచె వదులు చేయించి, మొలతాడు పక్కకు జరిపి చూస్తే, లంక పొగాకు చుట్టతో కాల్చినట్టు చిన్న నల్లని పక్కు కనిపించింది. నొప్పి గానీ దురద గానీ లేకపోవడంతో అది అక్కడ ఉందని ఆయనకే తెలియదు. అది స్క్రబ్ టైఫస్ గుర్తు. ఆ జబ్బు పిడుదుల వల్ల కాకుండా, కంటికి సరిగా ఆనని చిగ్గర్ పురుగుల వల్ల వస్తుంది; బిగుతుగా బట్ట తగిలే చోట్లు, చంకలు, గజ్జలు వాటికి ఇష్టమైన తావులు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు రోజులకు జ్వరం దిగింది.

కుక్కల పిడుదుల వల్ల వచ్చే టిక్ టైఫస్ కూడా ఈ కుటుంబానిదే; రికెట్సియా అనే జాతి బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బుల కుటుంబం ఇది. దాని మచ్చలు తరచుగా మణికట్ల, చీలమండల దగ్గర మొదలై అరచేతులకూ అరికాళ్లకూ పాకుతాయి. తట్టు అలా కాదు, ముఖం మీద మొదలై కిందికి దిగుతుంది. పుస్తకాల్లో కనిపించే ఎర్రటి మచ్చలు తెల్లతోలు మీద తీసిన ఫొటోలవి కనుక, మన చామనచాయ ఒంటి మీద వాటిని పగటి వెలుతురులో వెతకాలి.

కుట్టిన చోట ఒకటి రెండు రోజుల్లోనే లేచి, రూపాయి బిళ్లంత ఉండి తగ్గిపోయే ఎరుపు చాలావరకు పురుగు లాలాజలం వల్ల కలిగే అలర్జీయే, దానికి కంగారు అక్కర్లేదు. ఇంటర్నెట్‌లో వెతికినవారు మాత్రం నేరుగా లైమ్ వ్యాధి దగ్గరికి వెళ్లి ఆగుతారు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 1975లో వెలుగులోకి వచ్చిన ఆ జబ్బును మోసే పిడుదులు చల్లని అడవి ప్రాంతాలవి. డెల్టాలో జ్వరంతో మచ్చలు వచ్చిన మనిషి ముందుగా అనుమానించవలసింది రికెట్సియా జబ్బులనే.

ఈ తేడా మందు దగ్గర తేలుతుంది. మన దగ్గర జ్వరం అనగానే సెలైన్‌తో పాటు ఎక్కించే సెఫలోస్పోరిన్ రకం యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రికెట్సియా మీద పనిచేయవు. పనిచేసే డాక్సీసైక్లిన్ చౌక మందు. గర్భిణులకైతే అజిత్రోమైసిన్ వాడతారు. ఎలైసా పరీక్ష ఉంది గానీ, రక్తంలో యాంటీబాడీలు తయారవడానికి దాదాపు వారం పడుతుంది కనుక తొలిరోజుల్లో నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని కాదు. ఫలితం కోసం ఆగితే ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు, మెదడుకు ముప్పు. అందుకే అనుమానం బలంగా ఉంటే పరీక్షతో పాటే వైద్యమూ మొదలుపెట్టాలంటారు. ఆ అనుమానం కలగాలంటే కాటు కథ డాక్టరు చెవిన పడాలి, మన దగ్గర తెగిపోయేది సరిగ్గా అక్కడే.

పట్టిన పిడుదుకు కిరసనాయిలు పూయడం, అగ్గిపుల్ల అంటించడం వల్ల అది లోపలిది చర్మంలోకి కక్కవచ్చు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగి, సబ్బుతో కడిగితే సరిపోతుంది. ఆ తేదీని గోడ మీది క్యాలెండర్లో, పాల లెక్క రాసుకునే గడిలోనే, గుర్తు పెట్టుకోవచ్చు. ఆరోగ్య కేంద్రాల్లో ఓపీ చీటీ మీద 'జ్వరం ఎన్ని రోజులు' అని రాసేచోట 'పశువులు, కుక్కలు, గడ్డి పని' అని మరో మాట చేర్చడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చుండదు.